సొరుగుల మీద రంగు పెచ్చులూడుతోంది: పైనుంచి వేసేస్తే చాలా, అంతా గీకాలా?

ఎనిమిది_సొరుగులు:
వంటగది గట్టు కింద క్యాబినెట్‌లో ఎనిమిది సొరుగులున్నాయి. ఆరు చిన్నవి (ముందు పలక 45 × 15 సెం.మీ.), రెండు పెద్దవి (45 × 30). మీద నిగనిగలాడే తెల్ల రంగు. పిడుల చుట్టూ నల్లగా జిడ్డు పట్టింది, అంచుల్లో పెచ్చులు లేచి కింద గోధుమ రంగు బయటపడింది. సింకు పక్కనున్న రెండింటికి కింది అంచు ఉబ్బింది. ఇంకో రెండు బిగుసుకుపోయి, లాగితే కీచుమంటున్నాయి. చానెళ్ళు లేవు, చెక్క మీద చెక్క జారే పాత రకం.

లేత బూడిద రంగు వేయాలని ఉంది. నా సందేహాలు: గోడలకు వేయగా మిగిలిన ఎమల్షన్ ఉంది, అది వేసి పైన వార్నిష్ కొడితే నిలుస్తుందా? పెచ్చులు ఊడినచోట మాత్రమే లప్పం పెట్టి పైన రంగు వేసుకోవచ్చా? పాత పిడుల రంధ్రాల మధ్య దూరం 76 మి.మీ., కొత్తవాటికి 128. పాత రంధ్రాలు ఏం చేయాలి? ఇంతకీ రంగు ఎంత కొనాలి?

గరుకు_కాగితం:
ముందు ఎమల్షన్ సంగతి తేల్చేద్దాం. వద్దు. గోడను ఎవరూ రోజుకు ఇరవైసార్లు పట్టుకుని లాగరు, కాబట్టి ఆ రంగును ఆ పనికి తగ్గట్టు చేయరు. ఆరినా లోపల మెత్తగానే ఉంటుంది. చేతి జిడ్డు, చెమట తగిలేకొద్దీ పిడి చుట్టూ జిగటగా తయారవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, రెండు రంగు వేసిన ముఖాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అతుక్కుపోవడం. రాత్రి మూసిన సొరుగు పొద్దున లాగితే చిట్‌మని ఊడి వస్తుంది, వస్తూ ఫ్రేము మీది రంగు రేకును కూడా పట్టుకొస్తుంది. పైన వార్నిష్ కొట్టినా కింద పొర మెత్తదే కదా, గోరు తగిలితే వార్నిష్‌తో సహా సొట్ట పడుతుంది. పైగా నూనె వార్నిష్ లేత రంగుల మీద పసుపు తిరుగుతుంది.

కావలసింది ఎనామెల్. రెండు రకాలు. థిన్నర్‌తో కలిపే సింథటిక్ ఎనామెల్ గట్టిగా, నునుపుగా వస్తుంది. కానీ కోటుకూ కోటుకూ మధ్య 12 నుంచి 24 గంటలు ఆగాలి, వాసన వారాల తరబడి ఉంటుంది, వెలుతురు తగలని చోట తెలుపు పసుపెక్కుతుంది. నీళ్ళతో కలిపే అక్రిలిక్ యురేథేన్ ఎనామెల్ పసుపెక్కదు, నాలుగైదు గంటల్లో రెండో కోటు పడుతుంది. లేత బూడిద కాబట్టి రెండోదే నా ఓటు.

అయితే రంగు డబ్బా ఇప్పుడే కొనకండి. పెచ్చులూడటం పై రంగు తప్పు కాదు, దాని కింద ఉన్నదానికీ దానికీ పట్టు లేకపోవడం. పట్టు లేని పొర మీద ఎంత ఖరీదైన రంగు వేసినా, పాత పొర ఊడినప్పుడు కొత్తది కూడా దాంతోనే వెళ్ళిపోతుంది. అందుకని రెండు పరీక్షలు చేసి ఇక్కడ రాయండి.

ఒకటి: దూదిని స్పిరిట్‌లో ముంచి, కనబడని మూల పది సెకన్లు రుద్దండి. తెల్ల రంగు కరిగి దూదికి అంటితే అది నీటి రంగు. అంటకపోతే నూనె ఎనామెల్. బయటపడిన గోధుమ రంగు మీద కూడా అలాగే రుద్దండి, జిగటగా కరిగితే అది లక్క పాలిష్.

రెండోది ముఖ్యమైనది. పెచ్చు లేవని, బాగానే ఉందనిపించే చోట కొత్త బ్లేడుతో 2 మి.మీ. ఎడంగా ఆరు గీతలు, వాటికి అడ్డంగా ఇంకో ఆరు గీయండి. బ్లేడు రంగును దాటి కింద దాకా దిగాలి. గళ్ళ మీద గట్టి టేపు అంటించి, గోరుతో బాగా రుద్ది, ఒక్క నిమిషం ఆగి, టేపును దాని మీదకే మడిచినట్టుగా వెనక్కి లాగండి. గళ్ళ మూలలు మాత్రమే కాస్త చిట్లితే పాత రంగు ఉంచుకోవచ్చు. గళ్ళకు గళ్ళే టేపుతో వచ్చేస్తే ఆ రంగుకు అక్కడ ఉండే అర్హత లేదు.

లప్పం_చేయి:
పైన చెప్పిన పరీక్షలకు ముందు ఒక మాట. రంగు చాలా పాతదైతే అందులో సీసం ఉండొచ్చు. సీసం పట్టిచ్చే కిట్‌తో ముందే చూసుకోండి. ఉందని తేలితే పొడిగా రుద్దకూడదు, హీట్ గన్ పెట్టకూడదు, పిల్లలున్న ఇంట్లో అయితే ఆ పని అసలు ఇంట్లో చేయకూడదు. తడిపి రుద్దడం, తగిన మాస్కు, తుడిచిన గుడ్డలు మూటకట్టి పారేయడం, ఇవన్నీ పాటించాలి. మామూలు గుడ్డ మాస్కు ఆ దుమ్ముకు ఆగదు.

ఉబ్బిన అంచు గురించి కూడా చెప్పండి. ఉబ్బినచోట గోరుతో గీకితే ఏం వస్తోంది? నారలా చీలుతోందా, పొరలు విడుతున్నాయా, పొడి రాలుతోందా? నారలా చీలితే గట్టి చెక్క, పొరలైతే ప్లైవుడ్, ఖాకీ రంగు మెత్తటి పొడి అయితే ఎండీఎఫ్, అంటే చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక. మూడింటికీ వైద్యం వేరు.

ఎనిమిది_సొరుగులు:
చూశాను. సీసం లేదనే కిట్ చెప్పింది. స్పిరిట్‌కు తెల్ల రంగు అంటలేదు, కింది గోధుమ రంగు కూడా కరగలేదు. టేపు పరీక్షలో ఒక్క గడి కూడా మిగల్లేదు, మొత్తం రేకులా వచ్చేసింది. కింద గోధుమ రంగు అద్దంలా మెరుస్తోంది. దాని కింద చెక్క గీతలు కనిపిస్తున్నాయి. ఉబ్బిన అంచులో రాలుతున్నది మెత్తటి పొడి.

గరుకు_కాగితం:
అయితే జరిగింది ఇదీ: ఎండీఎఫ్ పలక, దానిమీద పలచటి చెక్క పొర, అంటే వెనీర్, ఆపైన వార్నిష్. తర్వాత ఎవరో ఆ మెరుపును రుద్దకుండా, ప్రైమర్ (రంగుకు పట్టు కోసం కింద వేసే మొదటి పూత) లేకుండా నేరుగా తెల్ల ఎనామెల్ కొట్టారు. అద్దం మీద అట్ట అంటించినట్టయింది.

తెల్ల రంగు మొత్తం తీసేయాలి. ఇందులో మీకో అదృష్టం ఉంది, పట్టు లేదు కాబట్టి అది తేలిగ్గానే వస్తుంది. మూలలు గుండ్రంగా అరగదీసిన స్క్రాపర్‌తో, పలకకు దాదాపు 30 డిగ్రీల వాలులో, చెక్క గీత వెంట తోయండి. మూలలు వాడిగా ఉంటే వెనీర్‌ను చీరేస్తాయి. 60, 80 నంబరు గరుకు కాగితాలతో (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ), మెషీన్‌తో రుద్దవద్దు. వెనీర్ మందం అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది, మెషీన్ అంచు మీద రెండు సెకన్లు ఎక్కువ ఆగితే కింద ఎండీఎఫ్ బయటపడుతుంది.

వార్నిష్‌ను మాత్రం తీయకండి. చాలామంది ఇక్కడే శ్రమ వృథా చేసుకుంటారు, పచ్చి చెక్క కనిపించేదాకా గీకాలనుకుంటారు. ఆ వార్నిష్ చెక్కను గట్టిగా పట్టుకుని ఉంటే అదే మంచి పునాది. దాని మెరుపు చంపితే చాలు.

కానీ రుద్దడానికి ముందు కడగాలి. ఈ వరుస తప్పితే పని చెడుతుంది. జిడ్డు మీద గరుకు కాగితం పెడితే, కాగితం గీసిన గాట్లలోకి జిడ్డును మనమే కూరినట్టు. తర్వాత ఎంత తుడిచినా రాదు. ముందు సొరుగులు తీసి, ప్రతిదాని వెనక, దాని గూడు లోపల ఒకే నంబరు పెన్సిల్‌తో రాసి టేపు అంటించండి. చేత్తో చేసిన క్యాబినెట్లలో రెండు సొరుగులు ఒకే కొలతవిలా కనిపిస్తాయి గానీ మార్చి పెడితే దూరవు. పిడులు విప్పి, గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే ద్రవం కలిపి, పిండిన స్పాంజితో తుడవండి. పిడి చుట్టూ రెండుమూడు సార్లు తుడవాలి. తర్వాత ఉత్త నీటి గుడ్డతో రెండుసార్లు, సబ్బు మిగిలినా పట్టు పోతుంది. ఎండీఎఫ్ కాబట్టి నీళ్ళు కారేలా తడపకండి. ఫర్నిచర్‌కు మెరుపు తెచ్చే సిలికాన్ స్ప్రే ఎప్పుడైనా కొట్టి ఉంటే, చివర్లో మినరల్ టర్పెంటైన్ గుడ్డతో ఒక దిక్కుకే తుడిచి, గుడ్డ తిప్పుతూ ఉండండి. సిలికాన్ మిగిలితే రంగు పూసిన వెంటనే చేపకళ్ళలా గుండ్రటి గుంటలు పడతాయి, ఎన్ని కోట్లు వేసినా అవి పూడవు.

ఆరాక, 180 నంబరు కాగితం చెక్క ముక్కకు చుట్టి, చెక్క గీత వెంట రుద్దండి. ఎంతసేపు అని లెక్క లేదు, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఎక్కడా తళుకు లేకుండా అంతా పొడిబారినట్టు మసకగా కనిపిస్తే అయినట్టే. మెరుస్తున్న చిన్న మచ్చలు గుంటలన్నమాట, చెక్క ముక్క అక్కడికి దిగలేదు. వాటిని కాగితం మడిచి వేలితో రుద్దండి.

లప్పం_చేయి:
ఉబ్బిన అంచు సంగతి. ఎండీఎఫ్ ఒకసారి నీళ్ళు తాగి ఉబ్బాక మళ్ళీ కుదించుకోదు. ముందు పూర్తిగా ఆరనివ్వాలి, గాలాడే చోట మూడు నాలుగు రోజులైనా. తడి లోపల ఉండగా మూసేస్తే ప్రైమర్ బుడగలు లేస్తుంది. ఆరాక, ఉబ్బిన మెత్తటి భాగంలోకి పలచటి సూపర్ గ్లూ అంచు పొడవునా చుక్కలుగా వదలండి, ఎండీఎఫ్ పీల్చుకుని రాయిలా గట్టిపడుతుంది. ఆ పొగ కళ్ళు మండిస్తుంది, కిటికీ తెరిచి చేయండి. అరగంట ఆగి 120తో ఉబ్బెత్తు వరకే రుద్ది మట్టం చేయండి. గట్టిపరచకుండా రుద్దితే నార లేచి దూదిలా అవుతుంది, ఎంత రుద్దితే అంత లేస్తుంది. వేలితో నొక్కితే అణిగిపోయేంత కుళ్ళినట్టుంటే మాత్రం ఆ ఒక్క పలకా కొత్తది కోయించుకోవడమే మేలు.

పాత పిడుల రంధ్రాలకు నీటితో కలిపే లప్పం వద్దు. ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. రంగంతా వేశాక ఓ వారానికి రెండు గుండ్రటి గుంటలు తేలతాయి. గట్టిపరిచే పేస్టు కలిపి వాడే రెండు భాగాల పాలియెస్టర్ పుట్టీ, లేదా ఎపాక్సీ పుట్టీ వాడండి. రంధ్రం వెనక టేపు అంటించి, ముందు నుంచి అట్టముక్కతో నొక్కి కూరి, పైన కొంచెం ఉబ్బెత్తుగా వదిలేయండి. పాలియెస్టర్ పుట్టీ కలిపాక అయిదారు నిమిషాల్లో బిగుసుకుంటుంది, కాబట్టి నాలుగు రంధ్రాలకు సరిపడా మాత్రమే కలపండి. గట్టిపరిచే పేస్టు ఎక్కువ వేస్తే చేతిలోనే రాయవుతుంది, తక్కువ వేస్తే ఎప్పటికీ జిగటే. డబ్బా మీద చెప్పిన పాళ్ళు పాటించండి. వెనీర్ చిట్లిన చోట్లకు కూడా అదే పుట్టీ.

కొత్త రంధ్రాలు రంగుకు ముందే వేయాలి, తర్వాత కాదు. పలక కొలతకు అట్ట కత్తిరించి, నడి గీత గీసి, దానికి అటూ ఇటూ 64 మి.మీ. దగ్గర సూదితో గుచ్చండి. అదే అట్ట ఎనిమిదింటికీ వాడితే పిడులన్నీ ఒకే వరుసలో వస్తాయి. పిడి స్క్రూలు సాధారణంగా 4 మి.మీ. లావు ఉంటాయి, 5 మి.మీ. బిట్ వాడితే కాస్త సర్దుకునే వీలుంటుంది. పలక వెనక పనికిరాని చెక్క ముక్క బిగించి, ముందు వైపు నుంచి తొలవండి, లేకపోతే బిట్ బయటికొచ్చే చోట వెనక వైపు పెచ్చు లేస్తుంది. పిడి ఒకసారి బిగించి చూసి, మళ్ళీ విప్పేయండి.

చిన్న_రోలర్:
రంగు ఎంత అన్నదానికి ఎవరూ లెక్క చెప్పలేదు. ఆరు చిన్న పలకలు 0.405 చదరపు మీటర్లు, రెండు పెద్దవి 0.27. 18 మి.మీ. మందం అంచులు కలిపితే దాదాపు 0.86. ఫ్రేము బయటికి కనిపించే భాగం ఇంకో 0.4 అనుకుందాం. మొత్తం 1.25 చదరపు మీటర్లు. లీటరుకు 10 నుంచి 12 చదరపు మీటర్లని డబ్బా మీద రాసి ఉన్నా, చిన్న పనుల్లో రోలరు, ట్రే తాగేది పోను 8 లెక్క వేసుకోండి. రెండు కోట్లకు 310 మి.లీ., మూడింటికి 470. అంటే అరలీటరు డబ్బా చాలు. ప్రైమర్ ఒక కోటు, పుట్టీ పెట్టిన చోట, అంచుల్లో రెండో కోటు, పావులీటరు సరిపోతుంది.

ప్రైమర్ విషయంలో మాత్రం పొదుపు చూడకండి. వార్నిష్ మీదికి మామూలు చెక్క ప్రైమర్ కాదు, నున్నటి వాటిని పట్టుకునే బాండింగ్ ప్రైమర్ లేదా లక్క ప్రైమర్ కావాలి. మీకు లక్కదే మేలు. వెనీర్ బయటపడ్డ చోట చెక్కలోని టానిన్ అనే మరక పట్టే పదార్థం నీటి ప్రైమర్‌లో కరిగి పైకి వస్తుంది, లేత బూడిద మీద టీ మరకలా కనిపిస్తుంది. లక్క దాన్ని ఆపుతుంది. అరగంటలో ఆరుతుంది, ముప్పావుగంటకు రుద్దవచ్చు. కానీ అందులో ఉన్నది స్పిరిట్. వంటగదిలో పొయ్యి, దీపం ఏదీ వెలిగి ఉండకూడదు.

ఎండీఎఫ్ కోసిన అంచు స్పాంజిలా పీల్చేస్తుంది. మొదటి కోటు ఆరాక అక్కడ వేలు పెడితే గరగరలాడుతుంది. 220తో రుద్ది, అంచులకు మాత్రం ఇంకో కోటు వేయండి. ఇది ఎగ్గొడితే ముఖం అంతా నునుపుగా, అంచు మాత్రం గరుగ్గా మసగ్గా మిగిలిపోతుంది, పైన ఎన్ని కోట్లు వేసినా అంతే.

ప్రైమర్ మర్నాటికి బాగా ఆరాక ఒక పలక వెనక మళ్ళీ టేపు పరీక్ష చేయండి. ఇక్కడ ఊడితే పోయేది ఒక రోజు, మూడు కోట్ల తర్వాత ఊడితే పోయేది పనంతా.

రంగు వేసేటప్పుడు పలకలను పడుకోబెట్టండి. నిలబెట్టి వేస్తే కింది అంచున కారుతుంది. ప్లైవుడ్ ముక్కలోంచి మేకులు పైకి వచ్చేలా నాలుగు మూలలా కొట్టి, దానిమీద పలక ఆనిస్తే అంచులకు కూడా రంగు అందుతుంది. 4 అంగుళాల మైక్రోఫైబర్ రోలరు, నూగు 4 నుంచి 6 మి.మీ. స్పాంజి రోలరు కూడా వాడొచ్చు, కానీ గట్టిగా నొక్కితే బుడగలు లేపుతుంది. ముందు అంచులు బ్రష్‌తో, వెంటనే ముఖం రోలరుతో. ముఖమంతా పరిచాక, రోలరును దాని బరువుతోనే, ఏమీ నొక్కకుండా, ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒకే దిక్కుకు లాగి వదిలేయండి. ఇక ముట్టుకోకూడదు. రెండు నిమిషాల తర్వాత ఓ గీత కనిపించి సరిదిద్దబోతే, అప్పటికే పైన చర్మం కట్టి ఉంటుంది, బ్రష్ దాన్ని ముడతలు పెట్టి లాగుతుంది. ఆరాక రుద్దుకుంటే పోయే తప్పును అక్కడే పెద్దది చేసుకున్నట్టు.

నారింజ తొక్కలా గుంటలుగా ఆరితే రంగు చిక్కగా ఉందని, లేదా ఎండలో, ఫ్యాను కింద మరీ త్వరగా ఆరిందని. నూటికి 5 పాళ్ళు నీళ్ళు కలపండి, 10 దాటితే కింది రంగు కప్పదు. ఫ్యాను నేరుగా వద్దు. కోటుకూ కోటుకూ మధ్య 320తో తేలిగ్గా తడిమినట్టు రుద్ది, తడి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో దుమ్ము తీసేయండి. కాగితం మీద రంగు ఉండలు కడుతోందంటే ఇంకా ఆరలేదు, ఆపేయండి.

మైనం_ముక్క:
బిగుసుకున్న రెండు సొరుగుల గురించి అందరూ మరిచారు. వాటికి రంగు వేస్తే ఇంకా బిగుస్తాయి. పెట్టె పక్కలకు, కింద జారే అంచులకు, గూట్లోని పట్టాలకు రంగు ఒక్క చుక్క కూడా తగలకూడదు. ముందు పెట్టె పక్కల్లో మెరుస్తున్న చోటు వెతకండి, రాపిడి పడేది అక్కడే. కనబడకపోతే పెన్సిల్ పొడి రాసి రెండుసార్లు తోసి లాగండి, మసి చెరిగిన చోటే అది. అక్కడ మాత్రం 120తో నాలుగు తోపులు, మళ్ళీ పెట్టి చూడండి. వానల్లో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవుకు కాదు. తేమ రోజుల్లో బిగుతు వదిలేదాకా రుద్దితే ఎండాకాలంలో లొడలొడలాడుతుంది. తర్వాత తెల్ల కొవ్వొత్తితో పట్టాలకు, అంచులకు గట్టిగా రుద్దండి, కీచుమనడం ఆగిపోతుంది. నూనె మాత్రం వద్దు, చెక్క పీల్చుకుని దుమ్ము పట్టి గట్టిపడుతుంది.

పలకలు ఫ్రేము లోపలికి దూరే రకమైతే చుట్టూ సందు చూసుకోండి. ప్రైమర్‌తో కలిపి మూడు కోట్లు ఆరాక మిల్లీమీటరులో పదోవంతు దాకా వస్తాయి. పలక అంచుకు అంత, ఎదురుగా ఫ్రేముకు అంత. చుట్టూ మిల్లీమీటరున్నర సందు ఉంటే ఇబ్బంది లేదు. అర మిల్లీమీటరే ఉంటే ప్రైమర్‌కు ముందే ఆ అంచు రుద్దుకోవాలి.

సొరుగు లోపల ఎనామెల్ వేయకండి. మూసిన పెట్టెలో వాసన నెలల తరబడి పోదు, లోపలి వస్తువులకూ ఎక్కుతుంది. అవిసె నూనె కూడా అంతే, ముక్కిపోయిన వాసన వస్తుంది. లోపల పలచటి లక్క పాలిష్ ఒక కోటు చాలు, లేదా ఏమీ వద్దు.

ఎనిమిది_సొరుగులు:
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు అందరికీ. ఒక్కటే మిగిలింది. రెండు కోట్లూ అయ్యాక వెంటనే వాడుకోవచ్చా? వంటగది కాబట్టి ఎక్కువ రోజులు విప్పి ఉంచడం కష్టం.

చిన్న_రోలర్:
ఆరడం వేరు, గట్టిపడడం వేరు. గంటన్నరలో చేతికి అంటదు, రెండు రోజులకు పిడులు బిగించవచ్చు, కానీ పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందాకా గోరుతో నొక్కితే గుర్తు పడుతుంది. మూడో రోజు నుంచి సొరుగులు పెట్టి వాడుకోండి, కానీ మొదటి వారం రాత్రిళ్ళు పూర్తిగా మూయకుండా వేలెడు తెరిచి ఉంచండి. మూయక తప్పకపోతే పలక ఫ్రేముకు ఆనే చోట బటర్ పేపర్ ముక్క అడ్డం పెట్టండి. తర్వాత రెండు మూలలా చిన్న ఫెల్ట్ బిళ్ళలు అంటిస్తే రంగు మీద రంగు ఆనదు. పిడి స్క్రూ మరీ బిగిస్తే పిడి అంచు మెత్తటి రంగులో దిగబడి గుండ్రటి గాటు పడుతుంది, కాబట్టి పిడి కదలనంత వరకే బిగించి, నెల తర్వాత ఇంకో పావు తిప్పు తిప్పండి. సబ్బుతో తుడవడం కూడా నెల తర్వాతే, అప్పటిదాకా తడి పిండిన గుడ్డ చాలు.

మైనం_ముక్క:
ఎనిమిదీ ఒకేసారి విప్పకండి. సింకు పక్కవి రెండూ ఎలాగూ ఆరాలి, అవి ముందు తీసి పెట్టి, మిగతా ఆరు మొదలుపెట్టండి. రంగు అంతా ఒకే డబ్బాలోది కాబట్టి తేడా రాదు, కాకపోతే మూత బిగించే ముందు గాడిలోని రంగు తుడవండి. అక్కడ ఎండిన రేకులే తర్వాతి కోటులో నలకలవుతాయి. అయినా రెండో విడతకు వడగట్టి వాడండి, పాత సన్నటి సాక్సు అయినా సరే.